జీవామృతం డ్రమ్ము పగిలిందా? ఏ ప్లాస్టిక్ అతుకుతుంది, ఏది అతకదు

పెద్ద అంబర్‌పేట్ నుంచి ఈసారి పాఠం ప్లాస్టిక్ వెల్డింగ్ మీద. చేసే పద్ధతి వీడియోలో ఉంది, గుర్తుపెట్టుకోవాల్సినవి ఇక్కడ రాస్తున్నా.

ఎకరానికి సరిపడా జీవామృతం కలిపేది 200 లీటర్ల డ్రమ్ములోనే కదా. అడుగున సన్న పగులు వచ్చినా చాలు, 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి కలిపిన ద్రావణం తెల్లారేసరికి నేలపాలు. ఎంసీల్ పెడితే కొన్నాళ్లకే ఊడొస్తుంది. ఈ ప్లాస్టిక్ మైనంలా జారుడుగా ఉంటది, జిగురు పట్టదు. వేడితో కరిగించి కలపాల్సిందే.

ముందు రకం తెలుసుకోండి

వస్తువు అడుగున ముక్కోణం గుర్తులో నంబరు చూడండి.

2 – హెచ్‌డీపీఈ. నీలం డ్రమ్ములు, క్యాన్లు. బాగా అతుకుతుంది.
4 – ఎల్‌డీపీఈ. మెత్తన. మందంగా ఉంటే అతుకుతుంది, పలుచటి షీటు తొందరగా కాలిపోతుంది.
5 – పీపీ. కొన్ని బకెట్లు, మూతలు. అతుకుతుంది.
3 – పీవీసీ పైపులు. కాల్చొద్దు, ఘాటైన విషవాయువు వస్తుంది. సాల్వెంట్ సిమెంటుతో కప్లింగ్ వేసుకోండి.
1 – పెట్ సీసాలు. ఈ పనికి రావు.

నల్ల నీళ్ల ట్యాంకులు కూడా పాలిథీన్ రకమే, అతుకుతాయి. ఫైబర్ తొట్లు మాత్రం వేడికి కరగవు, మాడిపోతాయి. వాటికి రెసిన్, మ్యాట్ వేయాల్సిందే.

నంబరు చెరిగిపోతే? చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి వదలండి. తేలితే పాలిథీన్ లేదా పీపీ. మునిగితే పీవీసీ లేదా పెట్ అయ్యుండొచ్చు, వేడి పెట్టొద్దు. తేలిన ముక్క మీద గోరు గీత పడితే పాలిథీన్, పడకపోతే పీపీ అనుకోవచ్చు.

ఏ రకానికి ఆ రకమే

హెచ్‌డీపీఈ సుమారు 130 డిగ్రీలకు, పీపీ 165 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెండూ ఒకదానితో ఒకటి కలవవు. అందుకే పాత డ్రమ్ము నుంచే సన్న పట్టీలు కోసి కడ్డీగా వాడండి, ఖర్చూ ఉండదు.

పగులు రెండు చివర్లలో చిన్న రంధ్రం వేయండి, ఇంక పాకదు. పగులు వెంట వీ ఆకారంలో గాడి తీసి, ఎండకు పాలిపోయిన పైపొర గీకేయండి. హాట్ ఎయిర్ గన్ 300 డిగ్రీల దగ్గర పెట్టి, కడ్డీ, గాడి రెండూ మెరిసేలా మెత్తబడ్డాక నొక్కండి. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే. నీళ్లు చల్లకుండా దానంతటదే ఆరనివ్వండి. తర్వాత ఒక రోజు నీళ్లు నింపి చూడండి.

వీటి జోలికి పోవద్దు

గీకితే పొడి రాలే డ్రమ్ము ఎండకు చచ్చిపోయినట్టే, అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. పురుగుమందులు, కెమికల్స్ పోసిన డ్రమ్ములు ఎంత చవగ్గా దొరికినా అసలు తేవద్దు. వేడి పెడితే లోపలి ఆవిరి అంటుకోవచ్చు. పైగా ఆ మందు అవశేషం మన జీవామృతంలోకే వస్తుంది. మనం వదిలేసిన విషాన్ని మళ్లీ చేలో పోసినట్టే.

పని ఎప్పుడూ ఆరుబయటే చేయండి. కొత్త డ్రమ్ముని మొదటి రోజు నుంచే నీడన పెట్టండి, అతుకు అవసరమే తగ్గుతుంది. మీ డ్రమ్ము అడుగున ఏ నంబరుందో చూసి కామెంట్‌లో పెట్టండి.