పూర్తిగా తిరగని బేరింగ్: పాత బుల్లెట్ స్వింగ్ ఆర్మ్ బుష్‌ల సంరక్షణ

పాత మోటార్ సైకిల్ మలుపు తిరిగేటప్పుడు వెనుక భాగం ఊగుతుంటే చాలామంది టైరునో, షాక్ అబ్జార్బర్లనో అనుమానిస్తారు. అవి బాగానే ఉన్నా ఊపు తగ్గకపోతే చూడవలసిన చోటు మరొకటి ఉంది. అవే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు.

1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ తయారుచేసిన పాత బుల్లెట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. వెనుక చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని ఉండే ఇనుప చట్రమే స్వింగ్ ఆర్మ్. ముందు భాగంలో అది ఒక ఉక్కు కడ్డీ మీద, తలుపు బందు మీద తలుపులా, పైకీ కిందికీ కదులుతుంది. కడ్డీకీ ఆర్మ్‌కీ మధ్య బిగించిన గొట్టాల్లాంటి చిన్న భాగాలే బుష్‌లు. ఇలాంటి పాత బళ్లలో ఇవి ఎక్కువగా ఫాస్ఫర్ బ్రాంజ్‌వి. రాగి, తగరం, కొద్దిగా భాస్వరం కలిసిన ఈ మిశ్రలోహం ఉక్కు కంటే మెత్తన. రాపిడిలో ఖరీదైన కడ్డీకి బదులు సులభంగా మార్చగలిగే బుష్ అరగాలన్నదే ఇందులోని ఉద్దేశం.

ఎందుకు అరుగుతుంది?

వేగంగా తిరిగే ఇరుసు తనతోపాటు కందెనను లోపలికి లాక్కుంటుంది. లోహానికీ లోహానికీ మధ్య పలుచని నూనె పొర ఏర్పడుతుంది. స్వింగ్ ఆర్మ్ ఎప్పుడూ పూర్తి చుట్టు తిరగదు. గతుకు వచ్చినప్పుడల్లా కొన్ని డిగ్రీలు కదిలి మళ్లీ వెనక్కి వస్తుంది. అందువల్ల ఆ పొర నిలవదు. బరువు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది కాబట్టి అక్కడి గ్రీజు పక్కకు జరిగిపోతుంది. చైన్ కూడా ఒక పక్కనే లాగుతుంది. క్రమంగా గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. వాన నీరు, దుమ్ము చేరితే అరుగుదల మరింత పెరుగుతుంది.

అర మిల్లీమీటరుతో ఏమవుతుంది?

రెండు బుష్‌ల మధ్య దూరం 20 సెం.మీ., కడ్డీ నుంచి టైరు వెనుక అంచుకు 80 సెం.మీ. అనుకుందాం. ఒక్కో బుష్‌లో 0.5 మి.మీ. ఖాళీ ఏర్పడితే ఆర్మ్ అటూ ఇటూ మెలి తిరిగి, టైరు అంచు మొత్తం 4 మి.మీ. దాకా పక్కకు కదలగలదు. అంటే వెనుక చక్రం తనంతట తానే దిశ మార్చుకుంటోందన్నమాట. వేగంలో ఇది ప్రమాదకరం.

పరీక్షించడం

బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పండి. ఆర్మ్ చివర పట్టుకుని పక్కలకు ఊపండి. ఇంకొకరు ఆర్మ్, ఫ్రేమ్ కలిసే చోట వేలు పెట్టి చూడాలి. అక్కడ కదలిక తెలిస్తే లోపం బుష్‌లది. ఆర్మ్ కదలకుండా చక్రం మాత్రమే ఊగితే అది చక్రం బేరింగులది.

గ్రీజు పెట్టడం

గ్రీజు నిపుల్ ఉంటే, చక్రం నేలకు ఆనకుండా ఎత్తి గ్రీజు ఎక్కించండి. బుష్ మీద బరువు తగ్గితేనే అరిగే వైపుకు కూడా గ్రీజు చేరుతుంది. పాత నల్లని గ్రీజు పోయి కొత్తది అంచుల్లో కనబడేదాకా ఆపవద్దు. వానాకాలానికి ముందు, తర్వాత తప్పనిసరిగా చేయండి. నిపుల్ లేకపోతే కడ్డీని బయటికి తీసి శుభ్రం చేసి రాయాలి.

మార్చడం

కొత్త బుష్‌ను సుత్తితో కొట్టకూడదు. పొడవాటి బోల్టు, నట్టు, వాషర్లతో నెమ్మదిగా లోపలికి లాగాలి. ముందుగా బుష్‌ను డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే పని తేలిక. 30 మి.మీ. వ్యాసమున్న బ్రాంజ్ బుష్ 48 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే సుమారు 0.026 మి.మీ. కుంచించుకుంటుంది. బిగించాక లోపలి రంధ్రం కొంచెం ఇరుకవుతుంది. రెండు బుష్‌లూ ఒకే వరుసలో ఉండేలా లేత్ షాపులో రీమర్‌తో సరిచేయించాలి. కడ్డీ మీద గీతలు, మెట్లు ఉంటే దాన్నీ మార్చండి. లేకపోతే కొత్త బుష్ త్వరగానే పాడవుతుంది.

రబ్బరు బుష్‌లైతే

కొన్ని పాత బళ్లలో రెండు ఉక్కు గొట్టాల మధ్య రబ్బరు అతికించిన బుష్‌లుంటాయి. ఇక్కడ రాపిడి లేదు, రబ్బరే మెలి తిరుగుతుంది. వీటికి గ్రీజు రాయకూడదు. ఖనిజ నూనెలకు సహజ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బండి రెండు చక్రాల మీద నిలిచి ఉన్నప్పుడే చివరి బిగింపు ఇవ్వాలి. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉండి చిరిగిపోతుంది.

అందుకే పని మొదలుపెట్టే ముందు మీ బండిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి. బ్రాంజ్‌కు ప్రాణం పోసే గ్రీజే రబ్బరుకు హాని చేస్తుంది.