వాకిట్లో కుక్క

లక్ష్మి ఇంట్లో ఒక కుక్క ఉంది. పేరు నల్లోడు. ఒళ్లంతా నలుపు. కాళ్ల చివర మాత్రం తెలుపు. ఎవరూ కొని తెచ్చిన కుక్క కాదు. పిల్లగా ఉన్నప్పుడు వాకిట్లోకి వచ్చింది. లక్ష్మి కొడుకు చిన్నోడు ఇంత పెరుగన్నం పెట్టాడు. అంతే. ఇక పోలేదు.

గేదెకు వేళకు మేత వేస్తాం. కుడితి పెడతాం. కుక్కకు మాత్రం మిగిలింది పడేస్తాం. అది పాలివ్వదు కదా! కాని రాత్రంతా ఇల్లు కాస్తుంది. పిల్లలతో ఆడుతుంది. వాళ్ల పక్కనే పడుకుంటుంది. దానికి జబ్బు చేస్తే ఆ జబ్బు గడప దాటి లోపలికి రావచ్చు. ఈ సంగతి లక్ష్మికి ఒక్క ఏడాదిలోనే తెలిసివచ్చింది.

ఎండాకాలం

రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండ. లక్ష్మి పనికి వెళుతూ నల్లోణ్ణి రేకుల చావడిలో గుంజకు కట్టేసింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి అది పక్కకు పడిపోయి ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది. నోటి నుంచి చొంగ కారుతోంది. లేపితే లేవలేదు.

"దిష్టి తగిలిందే. ఉప్పు, మిరపకాయలు తే, తిప్పేద్దాం" అంది అత్త ఆదెమ్మ.

"దిష్టి కాదు అత్తయ్యా. వడదెబ్బ" అంది లక్ష్మి.

నల్లోణ్ణి ఎత్తుకొని వేపచెట్టు కిందికి తెచ్చింది. పొట్ట మీద, కాళ్ల మీద కుండలో నీళ్లు పోసింది. చేటతో విసిరింది. తేరుకున్నాక కొంచెం కొంచెంగా నీళ్లు తాగించింది. అరగంటకు నల్లోడు లేచి కూర్చున్నాడు.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు అలా కాదు. దానికి పాదాల అడుగున మాత్రమే కొంచెం చెమట పడుతుంది. అందుకే నాలుక చాపి రొప్పుతుంది. ఆ రొప్పే దానికి విసనకర్ర. రేకుల కింద, సిమెంటు గచ్చు మీద కట్టేస్తే అది ఎంత రొప్పినా చాలదు. వడదెబ్బ తగిలిన కుక్కకు మామూలు చల్లని నీళ్లు పోయాలి. ఐసు గడ్డలు పెట్టకూడదు. తెలివి లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకోకపోతే వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరునాటి నుంచి చెట్టు కింద ఒక మట్టి మూకుడు పెట్టారు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు మార్చడం చిన్నోడి పని. పిల్లి కూడా ఆ మూకుడులోనే తాగుతుంది. కోళ్లూ తాగుతాయి. రోజూ కడగకపోతే మూకుడు పాచి పడుతుంది. అందులో దోమలు గుడ్లు పెడతాయి.

వానాకాలం

వానలు పడ్డాయి. నల్లోడి చెవుల్లో, మెడ కింద, వేళ్ల సందుల్లో పిడుదులు పట్టాయి. కొన్ని ఊళ్లలో వీటినే గోమార్లు అంటారు. రక్తం తాగి ఉబ్బి, ఆముదం గింజల్లా ఉంటాయి.

లక్ష్మి భర్త ఒక రోజు కిరసనాయిలు తెచ్చాడు. అది పూస్తే పిడుదులు రాలిపోతాయని ఎవరో చెప్పారట. ఇంకొకాయన పత్తికి కొట్టే మందే నీళ్లలో కలిపి పూయమన్నాడు. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లకు కొదవ ఉండదు. కుక్క తన ఒళ్లు తానే నాకుతుంది. పూసిన మందంతా కడుపులోకి పోతుంది. పొలం మందు పూసిన కుక్క నురగ కక్కి చచ్చిపోతుంది. కిరసనాయిలుకు చర్మం కాలి పుండవుతుంది. ఆ కుక్కను పిల్లలు తాకుతారు. ఆ చేత్తోనే అన్నం తింటారు.

లక్ష్మి నల్లోణ్ణి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు పిడుదులకు మందు ఇచ్చారు. ఎంత వాడాలో చీటీలో రాసిచ్చారు. ఇంట్లో చేయవలసిన పని కూడా చెప్పారు.

"పిడుదును గోటితో చిదమకండమ్మా. దాని కడుపులో జబ్బు క్రిములు ఉంటాయి. చేతికి ప్లాస్టిక్ సంచి చుట్టుకోండి. చర్మానికి ఆనించి పట్టుకొని నిదానంగా లాగండి. సబ్బు నీళ్లలో వేయండి. అది మునిగి చస్తుంది."

"తీసిన కొద్దీ వస్తున్నాయండి" అంది లక్ష్మి.

"వస్తాయి. అవి ఉండేది కుక్క మీదే కాదు, మీ గోడలో. రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి రాలుతుంది. గోడ నెర్రెలో దూరి వేల గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునేచోట నెర్రెలు పూడ్చండి. దాని గోనె పట్టా ఎండలో వేయండి."

లక్ష్మి మట్టి, సున్నం కలిపి నెర్రెలు పూడ్చింది. గోడ మొదట్లో మరిగే నీళ్లు పోసింది. పది రోజులకు ఒకసారి పట్టా ఉతికింది. నల్లోడు వానలో తడిసి వచ్చినప్పుడు పాత గుడ్డతో తుడిచింది. తడి ఆరకపోతే కుక్క చర్మం పాడవుతుంది. పిడుదులు కుట్టిన కుక్క జ్వరంతో మేత మానేస్తే, చిగుళ్లు తెల్లబడితే ఆలస్యం చేయకూడదు.

ఏలికపాముల సంగతి కూడా డాక్టరే చెప్పారు. కుక్క పెంటలో వాటి గుడ్లు ఉంటాయి. అవి మట్టిలో కలుస్తాయి. ఆ మట్టిలో ఆడిన పిల్లల గోళ్లలో చేరతాయి. అక్కడి నుంచి కడుపులోకి పోతాయి. పెద్ద కుక్కకు 3 నెలలకు ఒకసారి ఏలికపాముల మందు వేయాలి. కుక్కపిల్లలకు ఇంకా తరచుగా వేయాలి. కుక్క పెంటను పారతో తీసి గుంటలో పూడ్చాలి. ఆదివారం కోడికూర వండినప్పుడు ఉడికిన ఎముకలు కుక్కకు వేయకూడదు. అవి సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

జూలై 6

ఆ రోజు ఆసుపత్రి గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. లక్ష్మి కూడబలుక్కొని చదివింది. "జూలై 6. కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు."

రేబిస్ అంటే పిచ్చికుక్క జబ్బు. 1885 జూలై 6న ఫ్రాన్సు దేశంలో ఈ జబ్బుకు మొదటిసారి టీకా వేశారు. లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఆ మందు తయారుచేశాడు. పిచ్చికుక్క కరిచిన 9 ఏళ్ల పిల్లవాడికి దాన్ని వేశారు. ఆ పిల్లవాడు బతికాడు. దానికి గుర్తుగా చాలా పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. కుక్కపిల్లకు 3 నెలలు నిండగానే మొదటి టీకా వేయించాలి. ఆ తరువాత డాక్టరు చెప్పినప్పుడు మరొకటి, ఆపైన ఏటా ఒకటి. పిల్లికీ వేయించాలి.

"కుక్కకు సూదేమిటే? కూలి మానుకొని పోతావా?" అంది ఆదెమ్మ.

లక్ష్మి సగం పూట కూలి మానుకుంది. నల్లోడికి టీకా వేయించుకొని వచ్చింది.

కార్తీకం

దీపావళి రాత్రి టపాకాయల మోతకు నల్లోడు మంచం కింద దూరాడు. లక్ష్మి తలుపు వేసి లోపలే ఉంచింది. కట్టు తెంచుకొని పారిపోయిన కుక్కలు ఆ రాత్రి ఊళ్లో చాలా ఉన్నాయి.

ఆ మరునాటి నుంచి కార్తీక మాసం. కుక్కలు గుంపులు కట్టే నెల. ఒకదాన్నొకటి తరుముకుంటాయి, కరుచుకుంటాయి. అడ్డం వచ్చిన మనుషుల మీదా పడతాయి. రెండు నెలలకు అవి ఈనతాయి. పుష్యమాసంలో చలికి తల్లికుక్క గడ్డివాము చాటున పిల్లల్ని పెట్టుకొని ఉంటుంది. పిల్లలు ముద్దుగా ఉన్నాయని దగ్గరికి పోతే తల్లి ఊరుకోదు.

ఒక సోమవారం ఉదయం చిన్నోడు బడికి బయలుదేరాడు. వెనకాల నల్లోడు. ఎక్కడి నుంచో ఒక ఎర్ర కుక్క వచ్చింది. దాని దవడ కిందికి జారి ఉంది. చొంగ కారుతోంది. తల వంచుకొని పరుగెత్తుతూ ఎదురొచ్చినవాటినల్లా కరుస్తోంది. చిన్నోడి పిక్క పట్టుకుంది. నల్లోడు దాని మీద పడ్డాడు. అది నల్లోడి చెవి కూడా కొరికి పోయింది. చెరువు గట్టు మీద గొర్రెలు కాసే తాత చేతినీ కరిచింది.

ఆదెమ్మ ఏడుస్తూ సున్నం, కారం పట్టుకొచ్చింది. "పుండులో కూరితే విషం విరుగుతుందే" అంది.

"వద్దు అత్తయ్యా. ముందు కడగనీ."

లక్ష్మి పిల్లవాణ్ణి కుళాయి కింద కూర్చోబెట్టింది. ధారగా నీళ్లు వదిలింది. బట్టల సబ్బుతో గాయం కడిగింది. చిన్నోడు కేకలు పెట్టాడు. ఆమె ఆపలేదు. పావుగంట కడిగింది. జబ్బు క్రిమి కుక్క చొంగలో ఉంటుంది. గాయంలో పడ్డ క్రిమిని చాలావరకు సబ్బు చంపుతుంది. సున్నం, కారం, పసుపు, ఆకుపసరు చంపవు. పైగా గాయాన్ని రేపి క్రిమిని లోపలికి పంపుతాయి. గాయానికి గట్టిగా కట్టు కట్టకూడదు.

తరువాత పిల్లవాణ్ణి ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. ఆదెమ్మ కూడా వెంట వెళ్లింది.

"బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారా తల్లీ? పసివాడు తట్టుకుంటాడా?" అని అడిగింది.

నర్సమ్మ నవ్వింది. "ఆ సూదులు ఇప్పుడు లేవు పెద్దమ్మా. ఆ మందు మన దేశంలో చేయడమే 2004లో మానేశారు. ఇప్పుడు జబ్బకే వేస్తాం. పథ్యం కూడా అక్కర్లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు."

ధనుర్వాతం సూది కూడా వేశారు. గాయం లోతుగా ఉంది, రక్తం కారింది. అలాంటప్పుడు టీకా ఒక్కటే చాలదు. గాయం చుట్టూ మరో మందు ఎక్కించాలి. దాని పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్. అది అక్కడ లేదు. చీటీ రాసి పట్నంలోని పెద్దాసుపత్రికి పంపారు. చీకటి పడేలోగా అది కూడా పడింది.

చీటీ

నర్సమ్మ ఇచ్చిన చీటీలో నాలుగు అంకెలు ఉన్నాయి. 0, 3, 7, 28. లక్ష్మికి అంకెలు వచ్చు. కాని 0 ఏమిటో తెలియలేదు.

"ఈ రోజే 0. రేపటి నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి" అంది నర్సమ్మ.

ఈ లెక్క దగ్గరే చాలామంది పొరబడతారు. సోమవారాన్ని ఒకటిగా లెక్కపెడితే 3వ రోజు బుధవారం అవుతుంది. అది తప్పు. సోమవారాన్ని 0 అనుకోవాలి. అప్పుడు 3వ రోజు గురువారం. 7వ రోజు మళ్లీ సోమవారం. 28వ రోజు నాలుగు వారాల తరువాత వచ్చే సోమవారం. కొన్ని ఆసుపత్రుల్లో సూది వేసే పద్ధతి వేరు. అక్కడ 14వ రోజు కూడా వేస్తారు. చీటీలో ఎలా ఉంటే అలాగే చేయాలి.

లక్ష్మి క్యాలెండరులో ఆ తేదీల చుట్టూ సున్నాలు చుట్టింది.

మంగళవారం ఎర్ర కుక్క కాలవ గట్టున చచ్చి పడి ఉంది. పంచాయతీవాళ్లు చేతులకు తొడుగులు వేసుకొని లోతుగా పూడ్చారు. ఆ రోజే లక్ష్మి నల్లోణ్ణి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. టీకా పడిన కుక్కే. అయినా డాక్టరు మళ్లీ వేశారు. కొన్ని వారాలపాటు కట్టేసి గమనించమన్నారు.

జబ్బు పట్టిన కుక్కలన్నీ మీద పడి కరవవు. కొన్ని చీకటి మూల చేరి పడుకుంటాయి. గొంతు మారుతుంది. మింగలేవు. గొంతులో ఎముక అడ్డం పడిందేమో అని కొందరు దాని నోట్లో చెయ్యి పెడతారు. ఇంతకన్నా ప్రమాదం లేదు. అలాంటి కుక్కను తాకకుండా డాక్టరుకు చెప్పాలి.

గురువారం వచ్చింది. పత్తి తీత ముమ్మరంగా ఉంది. మేస్త్రి తెల్లవారకముందే వచ్చి పిలిచాడు.

"పుండు ఎండింది కదే. ఒక సూది పడింది. ఇంకెందుకు?" అంది ఆదెమ్మ.

"పుండు ఎండితే చాలదట అత్తయ్యా. క్రిమి నరం పట్టుకొని మెదడుకు పోతుందట. అక్కడికి చేరి జబ్బు బయటపడితే ఇక మందు లేదట. అది చేరకముందే సూదులన్నీ పడాలి."

ఆదెమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి చిన్నోడికి చొక్కా తొడిగింది.

దారిలో గొర్రెల తాత కనిపించాడు. చేతికి సున్నం పట్టించి గుడ్డ చుట్టుకున్నాడు. ఆసుపత్రికి పోలేదు. ఎందుకు పోలేదంటే గొర్రెల్ని ఎవరు కాస్తారన్నాడు.

"మూడు రోజులైంది. ఇప్పుడు పోతే మాత్రం వేస్తారా?" అని అడిగాడు.

"వేస్తారు తాతా. ఆలస్యమైనా పోవాల్సిందే. ఎక్కు" అంది లక్ష్మి. ఆటోలో పక్కకు జరిగింది. తాత గొర్రెల వైపు చూశాడు.

"నేను చూస్తాలే, నువ్వెళ్లు అన్నా" అంటూ ఆదెమ్మ ఆటో దిగింది. తాత చేతిలోని కర్ర అందుకుంది.

రాయండి

1. బుధవారం ఒకరిని కుక్క కరిచింది. అదే రోజు మొదటి సూది పడింది. చీటీలో 0, 3, 7, 28 అని ఉంది. మిగతా మూడు సూదులు ఏ వారాల్లో పడాలి? క్యాలెండరు చూసి రాయండి.

2. మీకు దగ్గరలో పశువుల ఆసుపత్రి ఏ ఊళ్లో ఉంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏ ఊళ్లో ఉంది? వాటి ఫోను నంబర్లు అడిగి తెలుసుకొని గోడ మీద రాసుకోండి.

3. మీ వీధిలో ఎన్ని కుక్కలు ఉన్నాయి? వాటిలో ఎన్నింటికి ఈ ఏడాది టీకా పడింది?