గొంతునొప్పి నుంచి గుండె కవాటం దాకా

గుండె ఎడమ వైపున పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల తలుపు ఉంటుంది. అదే మైట్రల్ కవాటం. రక్తాన్ని కిందికి వదలడం, వెనక్కి రానివ్వకపోవడం దాని పని. మన దేశంలో చిన్న వయసులో ఇది దెబ్బతినడానికి ముఖ్య కారణం రుమాటిక్ జ్వరం.

ఎలా మొదలవుతుంది?

5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తుంది. సరైన చికిత్స అందకపోతే, రెండు మూడు వారాల తర్వాత కొందరిలో జ్వరంతో పాటు ఒక కీలు తర్వాత మరో కీలు వాస్తుంది. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున గుండె కవాటంపైనా దాడి చేస్తుంది. కీళ్లనొప్పులు పోతాయి, కవాటానికి తగిలిన గాయం మాత్రం మిగిలిపోతుంది. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ రెక్కలు మరింత మందమై అతుక్కుపోతాయి. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన ద్వారం 1.5కు తగ్గితే అది తీవ్రమైన ఇరుకు. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, పడుకుంటే ఊపిరాడకపోవడం దీని లక్షణాలు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం పరిమాణం పెరుగుతుంది కనుక చాలామంది స్త్రీలలో జబ్బు అప్పుడే బయటపడుతుంది.

21 రోజుల సూది

జబ్బు ముదరకుండా ఆపేది 21 రోజులకోసారి వేసే బెంజాథీన్ పెనిసిలిన్ సూది. కవాటం దెబ్బతిన్నవారికి ఇది 40 ఏళ్ల వయసు దాకా, కొందరికి జీవితాంతం అవసరం. ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అని మానేయడమే అసలు ప్రమాదం. జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు పెళ్లిళ్లకో పండగలకో సొంతూరికి వచ్చి నెలల తరబడి ఉంటే సూది తప్పిపోతుంది. సూది తేదీల కార్డు, ఎకో రిపోర్టు వెంట ఉంటే ఏ ఊళ్లోనైనా డాక్టరు చికిత్స కొనసాగించగలరు.

కవాటం మార్చాల్సి వస్తే

ఇరుకు కవాటాన్ని చాలామందిలో బెలూన్‌తో తెరవవచ్చు. వీలుకాకపోతే కృత్రిమ కవాటం అమర్చుతారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన చిత్రా కవాటాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. దాని చట్రం కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహం, లోపలి బిళ్ల పాలిథిలిన్.

లోహ కవాటం ఉన్నవారు గుర్తుంచుకోవాల్సినవి:

• రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్రను సొంతంగా ఆపకూడదు. ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకూడదు.
• పాలకూర, తోటకూర మానక్కర్లేదు. రోజూ దాదాపు ఒకే మోతాదులో తినాలి.
• పన్ను తీయించుకునే ముందు, గర్భం కోరుకునే ముందు గుండె డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో పిల్లలకు గొంతునొప్పి, జ్వరం కలిసి వస్తే డాక్టరుకు చూపించండి. కవాటాన్ని కాపాడుకునే పని అక్కడే మొదలవుతుంది.