యుద్ధ విమానం నడపాలంటే ఏం చదవాలి?

హైదరాబాదు పొలిమేరల్లో దుండిగల్ అనే ఊరుంది. అక్కడ మన వైమానిక దళ అకాడమీ ఉంది. 1967లో దానికి పునాదిరాయి వేశారు. 1971లో శిక్షణ మొదలయింది. దేశం నలుమూలల నుంచీ వచ్చిన యువతీ యువకులు వైమానిక దళంలో పైలట్ అధికారులుగా బాధ్యతలు స్వీకరించే కవాతు జరిగేది అక్కడే.

అంత దగ్గర్లో ఉన్నా, ఆ అకాడమీ గేటు దాకా దారి ఎటునుంచి పోతుందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. డిగ్రీ పూర్తయ్యాక, ఇంటర్ అయ్యాక అడుగుతారు. అప్పటికి కొందరికి ఆలస్యమై ఉంటుంది. ఎందుకంటే ఈ దారిలో మొదటి మలుపు పదో తరగతి పాసయిన వెంటనే, ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి అన్న చోటనే ఉంది. అందుచేత ఈ సంగతులు మీకు ఇప్పుడే తెలియాలి.

మొదటి ద్వారం: ఎన్.డి.ఎ.

ఇంటర్ చదివినవారికి తెరిచి ఉండే ద్వారం నేషనల్ డిఫెన్స్ అకాడమీ. దీన్ని క్లుప్తంగా ఎన్.డి.ఎ. అంటారు. ఇది మహారాష్ట్రలో పూనా నగరానికి దగ్గర ఖడక్‌వాస్లాలో ఉంది. ఇందులో ప్రవేశానికి యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏటా రెండుసార్లు పరీక్ష పెడుతుంది. వయస్సు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర సంవత్సరాల మధ్య ఉండాలి. పెళ్ళి కాకూడదు. ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నవారు కూడా దరఖాస్తు పెట్టవచ్చు.

ఎన్.డి.ఎ.లో పదాతి, నౌకా, వైమానిక దళాలు మూడింటికీ కలిపి శిక్షణ ఇస్తారు. పదాతి విభాగానికి ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా సరే. కాని వైమానిక, నౌకా విభాగాలకు గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి ఉండాలి. అంటే ఎం.పి.సి. గ్రూపన్నమాట. గణితం లేని బై.పి.సి. తీసుకొన్న విద్యార్థి ఎంత చురుకైనవాడైనా ఈ ద్వారం దగ్గర ఆగిపోవలసిందే.

రాతపరీక్ష 900 మార్కులకు జరుగుతుంది. అందులో గణితానికే 300. మిగిలిన 600 మార్కుల సామర్థ్య పరీక్షలో ఇంగ్లీషు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోను, హిందీలోను ఉంటుంది, తెలుగులో ఉండదు. తెలుగు మాధ్యమంలో చదివేవారు దీనికి బెదరనక్కరలేదు. త్వరణం, ద్రవ్యవేగం, వక్రీభవనం వంటి మాటలకు ఇంగ్లీషు పేర్లు కూడా నోటుపుస్తకంలో పక్కనే రాసుకొంటూ పోతే రెండేళ్ళలో అలవాటైపోతాయి.

ఎన్.డి.ఎ.లో మూడేళ్ళ చదువు, తిండి, బస, దుస్తులు, శిక్షణ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. చేతి ఖర్చులు మాత్రం ఇంటివారు పెట్టుకోవాలి. ప్రయాణీకుల విమానాలు నడపడం నేర్చుకోవడానికి ఎన్నో లక్షలు పోయాలి. కాబట్టి కూలి చేసుకొనే ఇంటి పిల్లవాడికైనా, రైతు ఇంటి పిల్లకైనా విమానం దాకా వెళ్ళగల దారి ఇది.

ఆడపిల్లలకు ఈ ద్వారం చాలాకాలం మూసి ఉండేది. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో వారు మొదటిసారి ఎన్.డి.ఎ. పరీక్ష రాశారు. 2022లో మొదటి జట్టు చేరింది. ఆ జట్టులో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించారు. అంతకు ముందే, 2016 జూన్‌లో, ముగ్గురు యువతులు మన దేశపు తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా దుండిగల్ కవాతు మైదానం నుంచే బయటకు వచ్చారు.

అంతరిక్షానికి వెళ్ళిన మొదటి భారతీయుడు రాకేశ్ శర్మ పేరు మీరు విన్నారు గదా! ఆయన హైదరాబాదులో చదువుకొన్నారు. 1966లో ఎన్.డి.ఎ.లో చేరి, 1970లో వైమానిక దళ పైలట్ అయ్యారు. 1971 యుద్ధంలో మిగ్-21 విమానం నడిపారు. 1984 ఏప్రిల్ 3న అంతరిక్షంలోకి వెళ్ళారు.

మిగిలిన ద్వారాలు

ఎన్.డి.ఎ. అందనివారు నిరాశ పడనక్కరలేదు. డిగ్రీ తర్వాత మరికొన్ని ద్వారాలున్నాయి. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషనే పెట్టే సి.డి.ఎస్. పరీక్ష ఒకటి. వైమానిక దళం స్వయంగా పెట్టే ఎ.ఎఫ్.క్యాట్ రెండవది. కాలేజీలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరి 'సి' సర్టిఫికెట్ పొందినవారికి ప్రత్యేక ప్రవేశం మూడవది. సాధారణంగా వీటికి 20 నుంచి 24 ఏళ్ళ మధ్య వయస్సుండాలి. డిగ్రీ ఏదైనా, ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. లేదా ఇంజనీరింగు డిగ్రీ ఉండాలి. చూశారా, ఏ ద్వారం తట్టినా లోపలినుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "లెక్కలు చదివావా?"

నౌకాదళానికీ పైలట్లున్నారు. విశాఖపట్నంలో 'డేగా' అనే నౌకాదళ విమాన స్థావరం అటువంటి వారిదే. పదాతి దళానికీ, తీరరక్షక దళానికీ కూడా విమానాలో హెలికాప్టర్లో నడిపేవారు కావాలి. ఇక 2022లో వచ్చిన అగ్నివీర్ వాయు ప్రవేశం వేరు. అది గౌరవమైన కొలువే గాని, అందులో చేరినవారిచేత విమానం నడిపించరు. ఈ రెంటినీ కలగలుపుకోవద్దు.

లెక్కలతో విమానానికి ఏం పని?

ఇంటర్ లెక్కలు, ఫిజిక్సు ఎందుకంత పట్టుపట్టి అడుగుతారు? ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

ఒక యుద్ధ విమానం గంటకు 720 కిలోమీటర్ల వేగంతో కిందికి దూకి, మళ్ళీ పైకి లేస్తున్నదనుకోండి. దాని దారి ఒక వృత్తంలో భాగంలా వంగుతుంది. ఆ వృత్తం వ్యాసార్థం 1000 మీటర్లు. గంటకు 720 కిలోమీటర్లంటే సెకనుకు 200 మీటర్లు. వృత్తంలో తిరిగే వస్తువు అభికేంద్ర త్వరణం కావాలంటే వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించాలి. 200 వర్గం 40,000. దాన్ని 1000తో భాగిస్తే 40. భూమి గురుత్వ త్వరణం సుమారు 10. అంటే ఆ త్వరణం గురుత్వానికి 4 రెట్లు. వంపు అట్టడుగున భూమి ఆకర్షణ కూడా దానికి తోడవుతుంది. మొత్తం 5 రెట్లు. దీన్నే పైలట్లు "5 జీ" అంటారు. మామూలుగా 60 కిలోలు తూగే మనిషి, ఆ క్షణాన కాటా మీద కూర్చుంటే ముల్లు 300 కిలోలు చూపుతుంది!

బరువు సంగతి అటుంచి, రక్తం సంగతి చూడండి. గుండె నుంచి మెదడు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకు రక్తాన్ని నెట్టాలంటే ఎంత పీడనం కావాలి? పాదరసం సాంద్రత నీటికి 13.6 రెట్లు. రక్తం సాంద్రత దాదాపు నీటి సాంద్రతే. 300 మిల్లీమీటర్లను 13.6తో భాగిస్తే 22 మిల్లీమీటర్ల పాదరస పీడనం వస్తుంది. ఇది మామూలు సమయంలో. 5 జీ వద్ద రక్తం కూడా ఐదు రెట్లు బరువెక్కుతుంది. అప్పుడు 110 మిల్లీమీటర్లు కావాలి. గుండె కొట్టుకొన్నప్పుడు పుట్టే పీడనం ఆరోగ్యవంతుల్లో సుమారు 120. ఇక మెదడుకు మిగిలేదెంత? పది! అందుకే ముందు కంటి చూపు మసకబారుతుంది. ఇంకా కొనసాగితే స్పృహ తప్పుతుంది.

ఈ అపాయాన్ని తప్పించడానికి పైలట్లు కాళ్ళను, పొట్టను గాలితో బిగించే ప్రత్యేక దుస్తులు వేసుకొంటారు. రక్తం కాళ్ళలోకి జారకుండా కండరాలు బిగబట్టి ఊపిరి తీసే పద్ధతి నేర్చుకొంటారు. మీరు తొమ్మిదో తరగతిలో చదివే ద్రవపీడనం పాఠం, ఆకాశంలో ప్రాణం నిలిపే పాఠమన్నమాట.

కళ్ళు, కాళ్ళు

వైద్య పరీక్ష చాలా గట్టిగా ఉంటుంది. బెంగుళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ వంటి చోట్ల దీన్ని జరుపుతారు. ఎన్.డి.ఎ. నుంచి పైలట్ కావాలనుకొనేవారికి హ్రస్వదృష్టి ఉండకూడదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను తేడా లేకుండా చూసే వర్ణాంధత్వం కూడా పనికిరాదు. విమానం దిగేటప్పుడు రన్‌వే పక్కన ఎర్ర, తెల్ల దీపాలుంటాయి. ఎరుపు ఎక్కువ కనిపిస్తే విమానం మరీ కిందుగా వస్తున్నదని, తెలుపు ఎక్కువైతే మరీ ఎత్తుగా ఉన్నదని గుర్తు. రంగు పొరపడితే ఏమవుతుందో ఊహించండి! వర్ణాంధత్వం పుట్టుకతో వచ్చేది, మగపిల్లల్లో ఎక్కువ. ఉన్నవారికి చాలాసార్లు ఆ సంగతే తెలియదు.

తొడ పొడవు 64 సెంటీమీటర్లకు మించకూడదన్న నియమం వింటే మీకు నవ్వు రావచ్చు. దానికీ కారణముంది. ప్రమాదంలో పైలట్ తన సీటుతో సహా విమానం నుంచి పైకి విసిరివేయబడతాడు. మోకాళ్ళు ముందుకు పొడుచుకొని ఉంటే ఎదుటి పరికరాల పలక అంచుకు తగిలి చితికిపోతాయి. కాళ్ళు మరీ పొట్టివైతే పెడళ్ళు అందవు.

ఒక్కసారే రాయనిచ్చే పరీక్ష

రాతపరీక్ష నెగ్గినవారిని ఎంపిక మండలి పిలుస్తుంది. వైమానిక దళ మండళ్ళు డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి వంటి చోట్ల ఉన్నాయి. అయిదు రోజుల పాటు మాట, ఆలోచన, నలుగురితో కలిసి పనిచేసే తీరు పరిశీలిస్తారు. పైలట్ కావాలనుకొనేవారికి దీనితో పాటు కంప్యూటర్ మీద ప్రత్యేక పరీక్ష ఉంటుంది.

అందులో ఒక భాగం: విమాన పరికరాల బొమ్మలు చూపి, ముళ్ళను బట్టి విమానం ఏ దిక్కుకు, ఎంత ఎత్తున, పైకో కిందికో ఎలా పోతున్నదో చెప్పమంటారు. మరొక భాగం: చేతిలో కర్ర, కాళ్ళ కింద పెడళ్ళు, ఎదుట తెర. తెర మీద కదిలే చుక్కను చట్రం దాటిపోకుండా చేతులతో, కాళ్ళతో కలిపి నిలబెట్టాలి. మధ్యలో దీపం వెలిగితే ఆర్పాలి, శబ్దం వస్తే ఆపాలి. చుక్కను మాత్రం వదలకూడదు.

ఈ పరీక్షలో ఒకసారి తప్పినవారిని మళ్ళీ జీవితంలో దానికి కూర్చోనివ్వరు. సాధన చేసి తెచ్చుకొన్న నేర్పు కాక, చేయీ కాలూ కన్నూ సహజంగా ఎంత కలిసి పనిచేస్తాయో చూడడమే దాని ఉద్దేశం. తప్పినంత మాత్రాన సిగ్గుపడవలసింది లేదు. అటువంటివారిని పదాతి, నౌకా దళాలకూ, వైమానిక దళంలోనే నేల మీది శాఖలకూ పరిశీలిస్తారు.

ఎన్.డి.ఎ. ముగిశాక సుమారు ఏడాదిన్నర పాటు విమాన శిక్షణ ఉంటుంది. ఏడాది ముగిసేసరికి ఫ్లయింగ్ ఆఫీసర్ హోదా వస్తుంది. దుండిగల్‌లో మొదట పిలాటస్ అనే చిన్న విమానం మీద నేర్పుతారు. తర్వాత మూడు పాయలుగా విడదీస్తారు. యుద్ధ విమానాల వారికి బీదరు, హెలికాప్టర్ల వారికి సికిందరాబాదు దగ్గరి హకీంపేట, రవాణా విమానాల వారికి బెంగుళూరు దగ్గరి యలహంక తర్వాతి బడులు.

ఇప్పుడే చేయవలసినవి

ఒకటి: పదో తరగతి తర్వాత గ్రూపు తీసుకొనేటప్పుడు తొందరపడకండి. పైలట్ ఆశ ఏ మూల ఉన్నా గణితాన్ని వదలకండి. రెండు: దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో చూపు, రంగుల గుర్తింపు ఈ ఏడాదే చూపించుకోండి. లోపముంటే ఇప్పుడే తెలియడం మేలు. రెండేళ్ళ ఆశ వృథా కాదు. విమానాలు తయారుచేసేవారు, మరమ్మతు చేసేవారు, రాడార్ చూసేవారు కూడా ఆ దళానికి కావాలి. మూడు: రోజూ పరుగెత్తండి, ఆడండి. నాలుగు: మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు సైనిక పాఠశాలల సంగతి చెప్పండి. విజయనగరం దగ్గరి కోరుకొండలో 1962 నుంచి ఒకటి నడుస్తున్నది. పిల్లలను ఎన్.డి.ఎ.కు తయారుచేయడమే ఈ పాఠశాలల ముఖ్యోద్దేశం. ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశముంటుంది.

చివరిగా ఒక మాట. ఇది వేడుక కోసం చేసే ఉద్యోగం కాదు. యుద్ధం వస్తే ముందుకు పోవలసిన పని. మీ అమ్మానాన్నలతో కూర్చుని ఈ మాట కూడా మాట్లాడుకొన్న తర్వాతే నిర్ణయించుకోండి.

చేసి చూడండి

1. విమానం వేగం గంటకు 540 కిలోమీటర్లు. వంపు వ్యాసార్థం 750 మీటర్లు. వంపు అట్టడుగున 50 కిలోల పైలట్ ఎంత తూగుతాడు?

2. దిక్సూచి ముల్లు 90 డిగ్రీల నుంచి మెల్లగా 180కి వచ్చింది. ఎత్తు 3000 అడుగుల నుంచి 2600కు తగ్గింది. విమానం ఏం చేసింది?

జవాబులు: 1. 200 కిలోలు. 2. తూర్పుకు పోతున్నది కుడివైపు తిరిగి దక్షిణానికి మళ్ళింది. 400 అడుగులు కిందికి దిగింది.