షుజెంజి

జపాన్ దేశంలో ఫ్యూజీ పర్వతానికి దక్షిణంగా ఇజు ద్వీపకల్పం సముద్రంలోకి చొచ్చుకొని ఉంది. అగ్నిపర్వతాలు పుట్టించిన నేల కావడంచేత అక్కడ వేడినీటి బుగ్గలు విస్తారం. వాటిని జపనీయులు ‘ఒన్‌సెన్’ అంటారు. మిషిమా పట్టణంలో రైలు మారి దక్షిణానికి సాగే యాత్రికుడు చివరి స్టేషనులో దిగి కొండల నడుమకు వెళితే, కత్సురా అనే చిన్న నది ఒడ్డున షుజెంజి కనిపిస్తుంది. ఆ ఊరికి ఆ పేరు అక్కడి బౌద్ధాలయం వల్లనే వచ్చింది.

ఈ ఆలయాన్ని క్రీ.శ. 807లో కూకై స్థాపించాడని ప్రతీతి. చైనాకు వెళ్ళి మంత్రయాన బౌద్ధాన్ని అభ్యసించి వచ్చిన మహాపండితుడు ఆయన. ఒకనాడు ఈ నదిలోని చన్నీటితో ఒక బాలుడు రోగియైన తండ్రి ఒళ్ళు కడుగుతున్నాడట. ఆ పితృభక్తికి కరిగిన కూకై చేతిలోని వజ్రంతో ఒక బండను కొట్టగా వేడినీరు ఉబికింది. మన పురాణాలలో వృత్రుని చంపిన ఇంద్రుని ఆయుధమే బౌద్ధుల చేతిలో పూజాసాధనమై, ఇక్కడ ఒక రోగికి ఉపశమనమిచ్చింది! ‘తొక్కో నో యు’ అనే ఆ బుగ్గ నేటికీ నదిలోనే ఉంది. వరద ప్రవాహానికి అడ్డు కాకుండా 2009లో దానిని కొద్దిగా దిగువకు జరిపారు.

తండ్రికి సేవచేసిన కొడుకు కథ ఐతిహ్యం. కొడుకును పోగొట్టుకొన్న తల్లి కథ మాత్రం చరిత్ర. కామకురా ప్రభుత్వంలో రెండవ షోగన్ అయిన మినమోతో యోరియే తల్లి హోజో మసాకో. ఆమె పుట్టింటివారే అధికారం కోసం 1203లో అతణ్ణి పదవి నుండి తొలగించి, షుజెంజిలో నిర్బంధించారు. మరుసటి ఏడే, ఇరవై మూడేళ్ళు నిండకుండానే, అతడు హతుడయ్యాడు. స్నానపు నీటిలో విషపు జిగురు కలిపితే ఉబ్బిపోయిన తన ముఖాన్ని అతడు కొయ్య ముసుగుగా చెక్కించి తల్లికి పంపాడని జనం చెప్పుకొంటారు. ఆలయంలోని ఒక పాత ముసుగే ఒకామోతో కిదోకు ‘షుజెంజి మోనొగతారి’ నాటకం రాయడానికి ప్రేరణ. అది 1911లో తొలిసారి రంగస్థలమెక్కింది.

పదిహేనవ శతాబ్దం చివర ఈ ఆలయం సోతో జెన్ శాఖకు చెందింది. 1863లో అగ్నికి ఆహుతికాగా, నేటి ప్రధాన మందిరాన్ని 1883లో కట్టారు. యాత్రికులలో ఎక్కువమంది దీనిని చూసి, నది పక్కనున్న వెదురు తోపులో తిరిగి వెళ్ళిపోతారు. కాని నదికి ఆవలి ఒడ్డున మెట్లెక్కితే వచ్చే షిగెత్సుదెన్ అనే చిన్న మందిరాన్ని చూడనివారు షుజెంజిని చూడనట్లే. కొడుకు ఆత్మశాంతికి మసాకో కట్టించినది అదే. ఇజులోని కొయ్య కట్టడాలలో అతి ప్రాచీనమైనదిగా దానిని చెబుతారు. ‘షిగెత్సు’ అంటే చంద్రుని చూపే వేలు. లోపల శాక్యముని కూర్చొని ఉంటాడు. శాక్యముని విగ్రహాల చేతులు సాధారణంగా ఖాళీగా ఉంటాయి. ఈ విగ్రహం చేతిలో మాత్రం ఒక తామరపువ్వు ఉంది.

ఆ మందిరం పక్కనే యోరియే సమాధి.