నడివయసు దాటిన నేతగాని నడుము

బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పట్టు నేయువారి నడుమును గూర్చి మాత్రము మనము తలచుకొనుట తక్కువ.

వయసు మీరినవారికి ఓపిక లేదని పిల్లలందురు. అది సగమే నిజము. నలుబదేండ్లు దాటిన కొలది కండయు, బలమును తగ్గును. అయినను తమ బలమునకు తగిన భారమును కదలక పట్టి నిలుచుటలో పెద్దలు తరచు పడుచువారికి తీసిపోరు. అదుపు కూడ తగ్గును. అలసిన కండ వెన్నును నిలకడగా పట్టజాలదు.

గుంట మగ్గముపై గంటల తరబడి వంగి కూర్చున్నచో వెన్నుకట్లు సాగును. కండలు సమయమునకు బిగియవు. లేచిన వెంటనే బిందె ఎత్తినచో నడుము పట్టును. మాలో ఒక పెద్దకు అట్లే జరిగి, పెండ్లి జోడు నెల దినములు మగ్గముపైనే నిలిచినది. కూలియు నిలిచినది.

కావున అలసట తెలియకముందే, అరగంటకొకసారి లేచి నడుమును మెల్లగా వెనుకకు వంచి, నాలుగడుగులు వేయవలెను. లేచిన కొంతసేపటి వరకు బరువు ఎత్తరాదు. ఆ పని పిల్లలు అందుకొనవలెను. కాలు మొద్దుబారినను, మూత్రము అదుపు తప్పినను వెంటనే ఎం.కె.సి.జి. ఆసుపత్రికి పోవలెను.

పెద్దలు మగ్గము దిగి నిలుచున్నప్పుడు సోమరితనమని అనకుడు. రేపటి నేతకే వారు నిలుచున్నారు.