గడ్డి కింద పరుపు

ఈ సంచికకి అందరూ కవితలు ఇస్తున్నారు, నేను గడ్డి గురించి రాస్తున్నాను. నవ్వకండి. పోయిన ఏడాది స్పోర్ట్స్ కమిటీలో ఉన్నందుకు, మా గ్రౌండుకి డీథాచింగ్ మిషను ఏది కొనాలో చూసి చెప్పే పని నా మీద పడింది.

థాచ్ అంటే ఏంటా అని నిఘంటువు తీస్తే పూరింటి కప్పు అని ఉంది. మనకి కావలసింది అది కాదు. పైన కనిపించే పచ్చగడ్డికీ మట్టికీ మధ్య ఎండిన కాడలు, పాకే తీగలు, వేర్లు అల్లుకుపోయి గోధుమరంగు పొర ఒకటి తయారవుతుంది. మా తోటమాలి తాత దాన్ని "పరుపు" అంటాడు. నేనూ అదే వాడతాను. పరుపు ఒక సెంటీమీటరు దాకా ఉంటే మంచిదే, తేమ ఆరనివ్వదు. బాగా మందమైతే నీళ్లు, ఎరువు కిందికి దిగవు. వేర్లు కూడా మట్టిలోకి వెళ్లకుండా పరుపులోనే ఉండిపోయి, ఎండలు ముదిరితే మాడిపోతాయి. కోసిన గడ్డి ముక్కలు వదిలేయడం వల్లే ఇది వస్తుందని నేనూ అనుకున్నా. కాదు. వాటిలో ఎక్కువ భాగం నీళ్లే, త్వరగా కుళ్లిపోతాయి. యూరియా ఎక్కువ వేయడం, నీళ్లు ఎక్కువ పెట్టడం, తొక్కి తొక్కి నేల గట్టిపడటం, ఇవీ అసలు కారణాలు.

నేను సీఎస్ఈ బుద్ధి చూపించాను. ఆన్‌లైన్‌లో మిషన్లన్నీ హార్స్‌పవర్ ప్రకారం సార్ట్ చేసి, పైనున్నదాని బొమ్మ తాతకి చూపించాను. "గడ్డి పీకనీకి ఇంత పెద్ద మిషినా బిడ్డా? ముందు కోసి చూసినవా?" అన్నాడు. చూడలేదు.

మిషన్లలో తేడా ఆయన చెప్పినట్టే చెప్తాను, పల్లెటూరి వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఒక రకం దంతె లాంటిది: స్ప్రింగు పళ్లు పైపైన గీరి, వదులుగా ఉన్న చెత్తని లేపుతాయి. చేతి రేక్ నుంచి ట్రాక్టరు వెనక కట్టేదాకా ఇందులో సైజులున్నాయి. వేగంగా పని అవుతుంది, కానీ మందం పరుపుని ఏమీ చేయలేదు. రెండో రకం వెర్టికట్టర్: నిలువు కత్తులు గిర్రున తిరుగుతూ పరుపుని చీరతాయి. బలమైనది, అందుకే ప్రమాదం కూడా.

ఇక లెక్క. గ్రౌండు దాదాపు 2 ఎకరాలు, అంటే 8,100 చదరపు మీటర్లు. 40 సెంటీమీటర్ల వెడల్పున్న, నెట్టుకుంటూ నడిచే మిషనుతో గంటకి 3 కిలోమీటర్లు నడిస్తే 1,200 చదరపు మీటర్లు. మలుపులకి, చెత్త ఎత్తడానికి సగం పోతుందనుకుంటే 600. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడపాలి కాబట్టి మొత్తం 27 గంటలు! నెట్టేది మోకాళ్ల నొప్పులున్న తాత. ఈ లెక్క స్పెసిఫికేషన్ షీటులో ఉండదు.

అప్పుడు కోసి చూశాం. గ్రౌండంతా 10 చోట్ల కత్తితో కేకు ముక్కలా మట్టిని తీసి, స్కేలు పెట్టాం. 8 చోట్ల సెంటీమీటరు కూడా లేదు. స్ప్రింక్లర్ల దగ్గర మూలలో మాత్రం రెండున్నర సెంటీమీటర్లు. ఆ మూల పావు ఎకరం కంటే తక్కువే. మిషను కొనక్కర్లేదు, ఒక పూట అద్దెకి తెస్తే చాలు. (స్ప్రింక్లర్లు రోజు విడిచి రోజు వేయడం కూడా అప్పటినుంచే మొదలైంది.)

జూలైలో, నాలుగు వానలు పడ్డాక తెచ్చాం. గడ్డి జోరుగా పెరిగే రోజుల్లోనే ఈ పని చేయాలి, అప్పుడే గాయం మానుతుంది. నేల తడిగా ఉండాలి, బురదగా కాదు. సిమెంటు నేల మీద పెట్టి కత్తులు ఆనీ ఆననట్టు సెట్ చేసి, అక్కడినుంచి కొంచెం కొంచెం దించుకోవాలి. స్ప్రింక్లర్ తలలన్నిటికీ ముందే జెండాలు పాతాలి. నడిపింది నేను, ఇద్దరు ఫ్రెండ్స్. మూల బాగా వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. అద్దె టైము మిగిలిందని అదే సెట్టింగుతో లైబ్రరీ ముందు లాన్ మీదికి తోలాను. గ్రౌండులో ఉన్నది గరిక జాతి, భూమిలోపలి కాడల నుంచి మళ్లీ లేస్తుంది. లైబ్రరీ ముందున్నది కొరియన్ గడ్డి, చాలా మెల్లగా పెరుగుతుంది. తాత చెయ్యెత్తి అరిచేలోపు 15 మీటర్ల పట్టీ మట్టి తేలిపోయింది. దసరా దాకా అది అలాగే కనిపించింది. తాత రోజూ చిన్న చిన్న గడ్డి ముక్కలు తెచ్చి చేత్తో నాటాడు. ఎవరడిగినా "రిపేరు నడుస్తుంది" అన్నాడు తప్ప నా పేరు చెప్పలేదు.

పాచి సంగతి వేరే. అది మాకు లైబ్రరీ వెనక నిద్రగన్నేరు చెట్ల నీడలోనే వస్తుంది. దానికి నిజమైన వేర్లు లేవు కాబట్టి దంతె పళ్లు చాలు, కత్తులు అక్కర్లేదు. అయితే బతికున్న పాచిని గీరితే ముక్కలు చుట్టూ పడి మళ్లీ మొలుస్తాయి. ముందు అన్నభేది నీళ్లలో కలిపి చల్లి, నల్లబడ్డాక గీరాలి. సిమెంటు మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త. నీడ, తేమ అలాగే ఉంటే ఎంత గీరినా మళ్లీ వస్తుంది. మేము కింది కొమ్మలు కొట్టించాం. అప్పటికీ గడ్డి పట్టని చోట రాళ్లు పరిచి దారి వేశాం.

ఈ జూలైలో ఆ మూల మళ్లీ కోసి చూడాలి. నా స్కేలు ఇంకా తాత దగ్గరే ఉంది.